కస్పార్ జావతో తాగిన వైన్

స్విట్జర్లాండ్ కొండల్లోని ఒక మఠంలో, కోతల పండగ పొద్దున, సిల్వాన్ అనే సన్యాసి వంట చూసే యోస్ట్‌తో గొడవ పెట్టుకున్నాడు.

గొడవంతా సిల్వాన్ చేసిన కొత్త వైన్ గురించి. కొండవాలు తోటల్లోంచి మూడు రకాల నల్లద్రాక్ష తెచ్చి, వేరువేరుగా పులియబెట్టి, ఏ పాళ్లలో కలపాలో తెలియక రెండేళ్లు తంటాలు పడ్డాడు. చివరికి ఈ వారమే కుదిరింది. ముందు అడవిపళ్ల పులుపు, ఆ వెనకే మిరియం ఘాటు. అప్పటినుంచీ అతని కాలు నేల మీద నిలవడం లేదు.

మధ్యాహ్నం విందుకు ఊరంతా వస్తుంది. యోస్ట్ చూస్తే బంగాళాదుంపలు ఉడకేసి, జున్ను కరిగిస్తున్నాడు.

"దీనికి జింకమాంసం ఉండాలయ్యా! పోనీ, బాగా మాగిన గట్టి జున్నయినా ఉండాలి. దుంపలతో పోస్తే నా రెండేళ్ల కష్టం మట్టిపాలే. వంట మార్చకపోతే పీపా తెరవను" అన్నాడు సిల్వాన్.

"ఇంతమందికి ఇప్పటికిప్పుడు జింకల్ని ఎక్కణ్నుంచి తేను?" అన్నాడు యోస్ట్.

తగువు ఫాదర్ గెరోల్డ్ దగ్గరికి వెళ్లింది. సిల్వాన్‌కు తోటపని నేర్పిన గురువు ఆయనే. ఇద్దరి మాటా విని, "కూజాలో కొంచెం పట్టుకురా" అన్నారు.

గురువుగారు రుచి చూస్తారని సిల్వాన్ పరుగున వెళ్లి తెచ్చాడు. ఆయన మాత్రం అతన్ని మేడమీది గదికి తీసుకెళ్లారు. అక్కడ ముసలి కస్పార్ మంచంలో ఉన్నాడు. నలభై ఏళ్లు ఆ తోటల్లోనే పనిచేసిన సన్యాసి. రెండేళ్లుగా లేవలేడు. బార్లీ జావ తప్ప ఏదీ అరగదు. అప్పుడూ జావే తాగుతున్నాడు.

గెరోల్డ్ గ్లాసులో వైన్ పోసి అందించారు.

"ఫాదర్, జావతోనా?" అన్నాడు సిల్వాన్.

కస్పార్ ఒక చెంచా జావ మింగి, ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. అంతలోనే మోచేతుల మీద పైకి లేచాడు.

"రాళ్లమడి! పై అంచున ఉన్న రాళ్లమడి పళ్లు ఇందులో ఉన్నాయి కదూ?"

"ఉన్నాయండీ" అన్నాడు సిల్వాన్ తెల్లబోయి.

"ఆ తీగలు నాటింది నేనే! బుట్టలతో మట్టి మోశాను. కాసాక, పులుపని ఒక్కరూ ముట్టుకోలేదు. అన్నీ పిట్టలకే పోయాయి. నువ్వు కలిపావా? ఎంత కలిపావు?"

"ఐదో వంతు. అది లేకపోతే మిగతా రెండూ చప్పగా ఉన్నాయి."

"చప్పగానా!" కస్పార్ పకపకా నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. "ఐదో వంతట, గెరోల్డ్! విన్నావా? పొయ్యి, ఇంకొంచెం పొయ్యి. ఇదిగో నాయనా, నువ్వూ ఒక చెంచా తిని తాగు."

సిల్వాన్ మోకాళ్ల మీద కూర్చుని జావ తిన్నాడు. ఒక గుక్క తాగాడు. మళ్లీ చెంచా ముంచాడు.

కిందనుంచి ఆవుల మెడగంటలు, పిల్లల కేకలు వినబడ్డాయి. ఊరు వచ్చేసింది. సిల్వాన్ ఒక్క ఉదుటున లేచి కిటికీలోంచి అరిచాడు:

"యోస్ట్! దుంపలు దించు! పీపా తెరవడానికి వస్తున్నా!"

గుమ్మం వైపు దూసుకుపోతున్న అతన్ని గెరోల్డ్ ఆపారు. ఆయన అప్పటికే వంగి కస్పార్ మంచాన్ని ఒక చివర పట్టుకుని ఉన్నారు.

"ఆ చివర పట్టుకో" అన్నారు. "మెట్ల దగ్గర జాగ్రత్త."