తిప్పన్న హామీ

ఆ అడవిలో ఎండాకాలం ముదిరితే పచ్చగడ్డి మిగిలేది ఒక్క వాగు ఒడ్డునే. ఆ సంగతి చుక్కల దుప్పులకు తెలుసు, వాటికోసం కాచుకునే చిరుతకూ తెలుసు. అందుకే కాపలా లేకుండా దుప్పులు అక్కడికి దిగవు. కాపలాదారు అంటే కొండముచ్చు. చెట్టెక్కి నాలుగు వైపులా చూస్తుంటాడు. తేడా కనపడితే ఖక్ ఖక్‌మని అరుస్తాడు, మంద పరుగు తీస్తుంది. ఊరికే అరిచినవాణ్ణి మాత్రం ఆ రోజే పంపేస్తారు.

ఆ ఏడు పాత కాపలాదారు కళ్లు మసకబారి పని మానేశాడు. మంద మూడు రోజులుగా వాగులోకి దిగలేదు. దుప్పుల డొక్కలు ఎండాయి. వాటితోపాటు చిరుత డొక్కా ఎండింది. అది తిప్పన్న అనే నక్కను పిలిపించింది.

"నేను వదిలేసింది తిని బతికేవాడివి కదూ నువ్వు?"

"అంతా తమ దయ దొరా."

"రేపు పొద్దున ఈతపొదలో పడుకుని ఉంటాను. మంద దిగిందా సరి. లేదా, నీ ఒంట్లో కండ ఎంతుందో చూస్తాను."

తిప్పన్న లెక్క వేసుకున్నాడు. మంద దిగాలంటే కాపలాదారు ఉండాలి. చిరుతకు తిండి దొరకాలంటే ఆ కాపలాదారుకు చిరుత కనపడకూడదు. అలాంటివాడు అడవి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు, వాడు తన నేస్తమే.

వాడి పేరు ఓబులు. గుట్టమీద ముసలి కొండముచ్చు అవ్వ దగ్గర రెండేళ్లుగా కాపలా చదువు చదువుతున్నాడు. గడ్డి కదిలిస్తూ వచ్చే పెద్దపులిని, గుంపుగా వచ్చే రేచుకుక్కలను, పాకే కొండచిలువను కనిపెట్టడం నేర్చాడు. ఒక్క పాఠం మిగిలింది.

"ఇంకా ఎన్నాళ్లురా ఈ చదువు?" అన్నాడు తిప్పన్న.

"ఒక్క వానాకాలమే అన్నా. కదలకుండా పడుకున్నదాన్ని కనిపెట్టే పాఠం."

తిప్పన్న పడీపడీ నవ్వాడు. "కదలకుండా ఉండేది రాయిరా! రాయిని చూసేదానికి చదువెందుకు? మీ అవ్వకు ఎదురుగా ఎవరో ఒకరు కూర్చోకపోతే పొద్దుపోదు, అంతే."

"అట్ల అనొద్దన్నా."

"నేస్తానివి కాబట్టి చెప్తాండా. దుప్పుల దగ్గర ఈ పొద్దు ఖాళీ ఉంది. రేపుంటుందా? నీతో చదివినోడు మధ్యలో మానేసి కణుజుల మందలో చేరినాడు. ఎంత బలిసినాడో చూసినావా? దుప్పులు నాలుగు తునికి చెట్లు జీతం ఇస్తారంట. మీ అమ్మకు ఒక పండు తెచ్చిచ్చి ఎన్నాళ్లయిందిరా?"

ఓబులు తల వంచుకున్నాడు. అది తగలాల్సిన చోటే తగిలింది.

"రానిదేమన్నా ఉంటే పనే నేర్పిస్తుందిలే. నక్కతోక తొక్కినావురా నువ్వు, నా మాట విను!"

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. చదువు ఆపి ఉద్యోగం చేసుకోమనడం పాపమేమీ కాదు. ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదని నాకూ తెలుసు. కాకపోతే ఆ మాట చెప్పేవాడి కడుపులో ఏముందో చూసుకోవాలి. ఓబులు చూసుకోలేదు.

అవ్వ కూడా ఆపలేదు. "పోతే పో నాయనా. రానిది వచ్చని మాత్రం అనొద్దు" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మంద దగ్గరికి వెళ్లారు. మందకు పెద్ద ఈరమ్మ అనే ముసలి దుప్పి. దాని వెనక చూలుతో ఉన్న దుప్పులు ఆకలికి తూలుతూ నిలబడి ఉన్నాయి.

"చదువు అయిపోయిందా నాయనా?" అంది ఈరమ్మ.

ఓబులు నోరు తెరిచేలోగా తిప్పన్న అందుకున్నాడు. "అంతా అయిపోయిందమ్మా! వీనికి నాది హామీ."

నిజం ఓబులు నోటిదాకా వచ్చింది. తునికి చెట్లు గుర్తొచ్చాయి. సిగ్గుపడుతూనే ఊరుకున్నాడు.

"మంచిది. మా మందలో ఒక కట్టుబాటుంది తిప్పన్నా" అంది ఈరమ్మ. "కొత్త కాపలాదారుకు హామీ ఉన్నోడు మొదటిరోజు మందకు ముందు నడవాల. నువ్వు తొక్కిన చోటే మేము మేస్తాం."

తిప్పన్న ఉన్నట్టుండి కుంటడం మొదలుపెట్టాడు. "నాకు మోకాలి నొప్పి తల్లీ..."

"మెల్లగానే నడువు. లేదంటే మేము వెనక్కి పోతాం."

మంద వెనక్కి పోతే చిరుత ఎవరిని తింటుందో తిప్పన్నకు తెలుసు. ముందుకు నడిచాడు.

ఓబులు మద్దిచెట్టు చిటారు కొమ్మన కూర్చున్నాడు. కింద గడ్డి కదలడం లేదు, పొదలు కదలడం లేదు, పిట్ట కూడా కూయడం లేదు. అక్కడ ఏమీ లేదో, ఏదైనా ఉండి కదలడం లేదో వాడికి తెలియదు. అది తెలియాలంటే ఇంకో వానాకాలం కావాలి.

కదిలేది ఒక్కటే ఉంది, తిప్పన్న. ఓబులు వాణ్ణే చూడసాగాడు. తిప్పన్న ఎడమకు పోయాడు, కుడికి పోయాడు, వాగు అంచుదాకా పోయాడు. ఈతపొద వైపు మాత్రం ఒక్క అడుగు పడటం లేదు.

"ఆ ఈతపొద దగ్గర గడ్డి బాగుంది, అటు నడువప్పా" అంది వెనకనుంచి ఈరమ్మ.

తిప్పన్న ఆగిపోయాడు. తోక కాళ్ల మధ్యకు పోయింది. చూలు దుప్పి ఒకటి ఆకలికి ఆగలేక వాణ్ణి దాటుకుని పొద వైపు కదిలింది.

అరిస్తే, అక్కడ ఏమీ లేకపోతే, ఉద్యోగం పోతుంది. అరవకపోతే... ఓబులు ఆ పైన ఆలోచించలేకపోయాడు.

"ఖక్! ఖక్! పెద్దమ్మా, అక్కడేముందో నాకు కనపడలేదు! నాకు ఆ పాఠం రాదు! నా చదువు కాలేదు! తిప్పన్నకు మాత్రం కనపడతాంది, వాని కాళ్లు చూడు!"

మంద ఒక్కసారిగా చెదిరి పారిపోయింది. ఈతపొద లోంచి చిరుత దూకింది. చూలు దుప్పి అప్పటికే గట్టెక్కేసింది. పొద ముందు మిగిలింది కాళ్లు ఆడని తిప్పన్న ఒక్కడే.

"దొరా, నేను మీ మనిషిని..." అన్నాడు. చిరుత నాలుగు రోజుల ఆకలి మీద ఉంది.

ఓబులు దిగివచ్చి ఈరమ్మ ముందు నిలబడ్డాడు. "నాకు చెట్లు వద్దు పెద్దమ్మా. నేను అబద్ధంలో చేరినా."

"నిజం సరైన సమయానికే చెప్పినావులే. చిరుతకు ఈ పొద్దు కడుపు నిండింది, రెండు రోజులు ఇటు రాదు. ఈలోగా పోయి మీ అవ్వను తోడుకొని రా."

మూడోరోజు నుంచి మద్దిచెట్టు మీద అవ్వ కూర్చుంది. పక్క కొమ్మన ఓబులు కూర్చుని, కదలని గడ్డిని ఎలా చూడాలో నేర్చుకున్నాడు. తునికిపండ్లలో సగం వాళ్లమ్మకు పోయేవి.

సలహా ఇచ్చినవాణ్ణి ఆ దారిలో ముందు నడవమనండి. నడిస్తే అప్పుడు వెనక వెళ్లండి.