గౌరినాయుడి జీపుకి కొత్త కమాను పట్టీలు

దేవుడు బుర్రలు పంచిపెట్టిన రోజున గుమ్మడవలస గౌరినాయుడి ఇంటివాళ్ళు అందరికంటే ముందు వరసలో నిలబడ్డారట. ఊళ్ళో వాళ్ళెవరూ ఈ మాట అనరు, వాళ్ళే చెప్పుకుంటారు. ఇంట్లో ఉండేది ముగ్గురు: గౌరినాయుడు, అతని పెళ్ళాం పోలమ్మ, తమ్ముడు తవుడు. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని, దాన్ని చంకలో దాచుకుని తాము తడుస్తూ ఇల్లు చేరే తెలివి ముగ్గురిదీ.

వాళ్ళకి తండ్రినాటి పాత జీపొకటి ఉంది. దాని వెనక ట్రాలీ, ట్రాలీ మీద విప్పి కట్టిన రంగులరాట్నం. ఏటేటా పోలమ్మ పుట్టింటి ఊళ్ళో జరిగే అమ్మవారి తిరనాళ్ళలో, గుడి ఎదురుగా ఉన్న చోటు ఈ రాట్నానిదే. గౌరినాయుడి తండ్రి సంపాదించిన చోటది. ఆ చోటంటే గౌరినాయుడికి ప్రాణం. ఈ ఏడు మాత్రం జెయింటు వీలు వాళ్ళు దానిమీద కన్నేశారు. తిరనాళ్ళ తొలిరోజు సందె దీపం వేళకి రాట్నం తిరుగుతూ ఉండాలని, లేకపోతే చోటు వాళ్ళకే ఇచ్చేస్తానని ఊరిపెద్ద లక్ష్మునాయుడు కబురంపాడు. లక్ష్మునాయుడంటే పోలమ్మ తండ్రే. పిల్లనిచ్చిన మామే అలా అన్నాక ఇంక అల్లుడికి నిద్రేం పడుతుంది?

రాట్నం తగిలించగానే జీపు వెనక్కి కుదేలై ముక్కు పైకెత్తేది. దీపాలు రోడ్డు మీద పడకుండా తాటిచెట్ల మీది కాకుల్ని లేపేవి. అందుకని అన్నదమ్ములు రాజాంలో మెకానిక్కు ఖాదరు దగ్గరికి వెళ్ళారు.

"ఖాళీగా ఉన్నప్పుడు వెనక బంపరు నేలకెంత ఎత్తులో ఉంది? రాట్నం తగిలిస్తే ఎంతకి దిగింది? కొలుచుకురండి, అప్పుడు చెప్తా" అన్నాడు ఖాదరు.

అంతే, తవుడు జీపు పక్కన నిలబడ్డాడు. బంపరు మోకాలి దాకా వచ్చింది. అక్కడ బొగ్గుతో గీత పెట్టారు. రాట్నం తగిలించేసరికి ఎండెక్కింది. తవుడు నీడ వెతుక్కుని, జీపు పక్కనే ఉన్న కాలవ గట్టు దిగి పల్లంలో నిలబడ్డాడు. రెండో గీత తొడ మీద పడింది.

"రాట్నం తగిలిస్తే జీపు పైకి లేస్తోంది!" అన్నాడు గౌరినాయుడు ఆశ్చర్యపోతూ. గీత చెరిగిపోతుందని తవుడు నీళ్ళు పోసుకోకుండా, ఆ కాలు వంచకుండా రాజాం దాకా వెళ్ళాడు. ఖాదరు ఆ కాలుకేసి చూసి, కాసేపు ఆకాశంకేసి కూడా చూశాడు.

"సరే, రోడ్డు మీద మీ జీపుని నేను చూశాన్లే" అని మూడు రకాలు చూపించాడు. చుట్ట స్ప్రింగులు, గాలి సంచులు, ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టకి అదనంగా రెండు ఇనప పట్టీలు.

తవుడు స్ప్రింగు మీద కూర్చుని ఊగాడు. "అన్నియ్యా, ఇది మెత్తగుంది."

"నువ్వు కూర్చోడానికి కాదయ్యా, రాట్నం లాగడానికి!" అన్నాడు ఖాదరు.

గాలి సంచులు గౌరినాయుడికి నచ్చలేదు. "గాలే మోసేదైతే మనకి జీపెందుకు? గాలికే రాట్నం తగిలిద్దుము" అన్నాడు. ఆ మాటకి తనే మురిసిపోయి, పట్టీలు వెయ్యమన్నాడు.

ఖాదరు పట్టీలు బిగించి, చేతులు తుడుచుకుంటూ మూడు జాగ్రత్తలు చెప్పాడు. "ఇవి గట్టి పట్టీలు. ఖాళీ బండి తోలకండి, ఎత్తి కుదేస్తుంది. ట్రాలీ మీద అక్కర్లేని బరువుంటే దించెయ్యండి. ముందు చక్రాలు నేలని గట్టిగా పట్టుకునుండాలి సుమా." చెప్పి అన్నానికి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది! గౌరినాయుడు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఖాళీ బండి తోలొద్దన్నాడు కదరా. ఇప్పుడిది ఖాళీయే గదా!" ఇద్దరూ కలిసి రోడ్డు పక్క రాళ్ళకుప్పలోంచి పెద్దపెద్ద రాళ్ళేరి, జీపు వెనక నింపుకుని ఇంటికొచ్చారు.

తిరనాళ్ళనాడు పొద్దున్నే రాట్నం తగిలించారు. రాళ్ళూ రాట్నమూ కలిసేసరికి జీపు మళ్ళీ ముక్కెత్తింది.

"అక్కర్లేని బరువు దించమన్నాడు" అని గుర్తుచేశాడు తవుడు.

"రాళ్ళు దించెయ్యండి" అంది పోలమ్మ.

"అప్పుడు జీపు ఖాళీ అయిపోదేటే?" అన్నాడు గౌరినాయుడు. పోలమ్మ నాలిక్కరుచుకుంది.

ట్రాలీ మీద ఏది అక్కర్లేదో ముగ్గురూ వెతికారు. గుర్రాలు కావాలి, వాటి మీద పిల్లలు కూర్చుంటారు. ఏనుగూ కావాలి. గౌరినాయుడి చూపు నడిమి స్తంభం మీద పడింది. "దీని మీద ఏ గుంటడైనా ఎప్పుడైనా కూర్చున్నాడా?" ఎవరూ కూర్చోలేదు. అంతే, స్తంభం దించి వసారాలో పడేశారు.

ముక్కు ఇంకా కాస్త పైకే ఉంది. ముందు చక్రాలు నేలని పట్టుకోవాలి కదా! తవుణ్ణి బానెట్ మీద కూర్చోబెట్టారు. అతను అడ్డొచ్చి గౌరినాయుడికి రోడ్డు కనపడలేదు. "నువ్వే సెప్పరా, ఎటెల్లాలో" అన్నాడు. అన్నకి మాట వినపడాలని తవుడు అన్నకేసి తిరిగి కూర్చున్నాడు. అతని వీపు వెనక రోడ్డు. మెడ తిప్పి చూసి "కుడి!" అంటాడు తన చెయ్యి చూసుకుని. గౌరినాయుడు తన కుడికి తిప్పుతాడు. అలా నువ్వుచేలో దిగారు, ఒక కళ్ళం చుట్టూ తిరిగారు, ఎవరిదో గడ్డివాము తగిలించుకున్నారు. ఎలాగైతేనేం, తిరనాళ్ళకి చేరారు. అప్పటికే జెయింటు వీలు వాళ్ళు గునపాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

పిల్లలు ఒక్క పరుగున వచ్చి గుర్రాలెక్కేశారు. తిప్పుదామంటే స్తంభం లేదు. గౌరినాయుడు బుర్ర గోక్కున్నాడు. కానీ బుర్రంటే బుర్రే! జీపు స్టార్టు చేసి మైదానం చుట్టూ తిప్పడం మొదలెట్టాడు. వెనక ట్రాలీ, ట్రాలీ మీద గుర్రాలు, గుర్రాల మీద పిల్లలు. పిల్లల కేరింతలకి డప్పులు వినపడలేదు.

మధ్యాహ్నం లక్ష్మునాయుడు వచ్చి చూసి, నెత్తి పట్టుకున్నాడు.

"ఇదేటి అల్లుడూ!"

"తిరుగుతోంది కదా మావా."

"రాట్నం తన కాళ్ళ మీద నిలబడి తిరగాలయ్యా! ట్రాలీ ఇక్కడే ఇప్పి, ఎల్లి స్తంభం తీసుకురా. సందె దీపానికి నిలబెట్టకపోతే అల్లుడివని కూడా సూడను."

ట్రాలీ విప్పేశారు. గౌరినాయుడు స్టీరింగు ముందు కూర్చోబోయి, కరెంటు తీగ తాకినట్టు దిగిపోయాడు. రాట్నం లేని జీపు ఖాళీ జీపే కదా! ఖాళీ బండి తోలకూడదు. మరి ఇల్లు మూడు మైళ్ళు. నాన్న సంపాదించిన చోటు పోతుందేమోనని అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"తోలొద్దన్నాడు గానీ తొయ్యొద్దనలేదు కదయ్యా" అంది పోలమ్మ.

అంతే! పోలమ్మ పక్కనే నడుస్తూ స్టీరింగు పట్టుకుంది. అన్నదమ్ములు వెనక నుంచి తోశారు. మైలు తోసేసరికి ఇద్దరికీ నాలుకలు బయటికొచ్చాయి.

"ఖాళీ జీపు ఇంత బరువేటన్నియ్యా?" అని తవుడు వెనక తొంగిచూశాడు. "ఓలమ్మో, రాళ్ళు!"

"మరి బరువుండదేటి!" అని గౌరినాయుడు రాళ్ళన్నీ రోడ్డు పక్కన పారేయించాడు. జీపు తేలిగ్గా కదిలింది. చెమట తుడుచుకుంటూ తమ్ముడి భుజం తట్టాడు. "సూశావా? ఇప్పుడు నిజంగా ఖాళీ అయింది. తోలకుండా తొయ్యబట్టి బతికాం."

సందె దీపం వెలిగించబోతుండగా అన్నదమ్ములిద్దరూ స్తంభాన్ని భుజాల మీద పెట్టుకుని, రొప్పుతూ రోజుతూ మైదానంలోకి వచ్చి పడ్డారు. పదిమందీ చెయ్యేసి స్తంభం పాతారు. దీపం వెలిగింది, రాట్నం తిరిగింది, జెయింటు వీలు వాళ్ళు గునపాలు సర్దుకున్నారు. గౌరినాయుడు తండ్రిని తలుచుకుని గుడికేసి దణ్ణం పెట్టాడు.

లక్ష్మునాయుడు అల్లుడి కమిలిపోయిన భుజం చూసి జాలిపడ్డాడు. "ఇంటి కాడ జీపుంది కదయ్యా. స్తంభాన్ని దాంట్లో ఏసుకొస్తే పోయేది కదా?"

గౌరినాయుడు మామకేసి చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసి నవ్వాడు.

"బాగా సెప్పావు మావా! ఖాళీ జీపుని తోసుకెల్లేసరికే మా నడుములు ఇరిగిపోయాయి. మళ్ళీ దాంట్లో ఈ స్తంభం కూడా ఏసి తొయ్యమంటావేటి?"