తమ్ముడి సైకిలుకు వైరు

జిలాని ఆ వైరును మళ్ళీ కత్తిరించాడు.

అది అతని తమ్ముడు నసీర్ సైకిలుది. ఆ సైకిలుకు గేర్లు బ్యాటరీతో మారతాయి. హ్యాండిల్ మీద మీట నొక్కితే, వెనకున్న చిన్న మోటారు గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరుపుతుంది. ఆ రెంటినీ కలిపే వైరు తెగింది. కంపెనీ వైరు ఎక్కడా దొరకలేదు. తనే చేసిస్తానన్నాడు జిలాని. చేసేలోపే నసీర్ జ్వరంతో పోయాడు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయింది. జిలాని మాత్రం దర్గా వసారాలో ఆ సైకిలు పక్కనే కూర్చుని ఆ వైరు చేస్తూనే ఉన్నాడు. పొద్దున టంకం వేస్తాడు, సాయంత్రానికి పొట్టిదైందంటూ ఊడదీస్తాడు. ఆడలేక మద్దెల ఓడు అందామా అంటే, దర్గాలో మైకులూ లైట్లూ అన్నీ అతని చేతి పనే.

ఒకరోజు అతని గురువు గఫార్ సాహెబ్ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇంకా కుదరలేదా బేటా?"

"లేదు హజ్రత్. పొట్టిదైంది."

ఆయన వైరు అందుకుని ఒక కొన మీటకూ, రెండో కొన మోటారుకూ తగిలించారు. సరిగ్గా సరిపోయింది.

జిలాని తల వంచుకున్నాడు. "మీట నొక్కలేను హజ్రత్. గొలుసు వాడు వదిలిన చోటే ఉంది. వాడు తన చేత్తో మార్చిన ఆఖరి గేరు అది. నొక్కితే అదీ పోతుంది."

సాహెబ్ వంగి ఆ గొలుసును చూశారు. తర్వాత అడిగారు.

"వైరు తెగిన రోజు వాడు ఇంటికెలా వచ్చాడు?"

"గొలుసు చిన్న పళ్ళచక్రం మీద, బరువు గేరులో ఇరుక్కుపోయింది. గట్టు ఎక్కలేక, దిగి తోసుకుంటూ వచ్చాడు. 'తొందరగా చెయ్యి అన్నా, కాళ్ళు పీకేస్తున్నాయి' అన్నాడు."



గఫార్ సాహెబ్ లేచారు. వయసు మళ్ళిన మనిషి. నడుము వంచి, ఒక చేత్తో సీటు పట్టుకుని వెనక చక్రం పైకెత్తారు. రెండో చేత్తో పెడలు తిప్పసాగారు.

జిలాని మీట నొక్కాడు. గొలుసు కదిలింది. మళ్ళీ నొక్కాడు. అన్నిటికన్నా తేలిగ్గా తొక్కగలిగే పెద్ద పళ్ళచక్రం మీదికి చేరేదాకా, ఏడుస్తూనే నొక్కాడు.

సాహెబ్ చక్రం కిందికి దించారు.

"గట్టు ఎక్కడానికి ఇది చాలా?"

"చాలు హజ్రత్."

"అయితే ఎక్కనీ వాణ్ణి."