నడిమడుగులో తుమ్మకంప

అనగనగనగా... ఊఁ కొట్టాలి మరి, నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూర్చుండిపోతుంది. మూడు కొండల మధ్యన ఒక ఊరు. ఆ ఊరికి ఒక పెద్ద చెరువు. ఆ చెరువు నడిమధ్యన ఒక మడుగు. ఏనుగు దిగి నిలబడినా తొండం కొస పైకి కనపడదు, అంత లోతు.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. మంచిదే పాపం, పనిలో వంక పెట్టలేం. కానీ ఆవిడకి అనుమానం జాస్తి. కోడి గుడ్డు పెట్టకపోతే పక్కింటి గంపలో పెట్టి వచ్చిందేమోనని వెళ్ళి తొంగిచూసేది. ఎవరైనా ఎదురుపడి నవ్వితే ఎందుకు నవ్వారా అని ఇంటికొచ్చేదాకా ఆలోచించేది. ఎక్కిళ్ళొస్తే, తలుచుకుంటున్నది మంచికా చెడుకా అని మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చునేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆవిడ కూతురు వరాలు పుట్టింటికొచ్చి పురుడు పోసుకుంది. ముద్దులొలికే ఆడపిల్ల. అయితే వరాలికి పాలు సరిగ్గా పడలేదు. పసిగుడ్డు ఆకలితో గుక్కపట్టి ఏడ్చేది. పక్కెల పులుసు పెట్టు, పాలు పడతాయి అని మంత్రసాని చెప్పింది. పక్కెలంటే అరచేతిలో పట్టే పల్చటి వెండిరంగు చేపలు.

అప్పుడు నూకాలు గాలం పట్టుకుని చెరువుకి పోయింది. ఒడ్డున వేస్తే, ఎండకి నీళ్ళు గంజిలా వేడెక్కి ఉన్నాయి, ఒక్క పక్కె లేదు. దోనె ఎక్కి కొంచెం లోపలికి పోయింది. అక్కడా లేవు. ఆ తర్వాత నడిమడుగుకే పోయి గాలం దింపింది. పొద్దు వాలేదాకా చూసినా బెండు కదలనే లేదు.

అదే మడుగులో కాస్త అవతలగా గంటమ్మ గాలం వేసేది. గంటమ్మ పొరుగింటావిడే, నూకాలికి వరసకి వదిన. ఆవిడ మాత్రం రోజూ బుట్టనిండా పక్కెలు పట్టేది. ఇంటికి పోతూ పోతూ కాసిని చేపలు టేకాకులో చుట్టి, బాలింతకి పులుసు పెట్టమని చెప్పి, నూకాలు గడప మీద పెట్టి పోయేది.

నూకాలు ఆ పొట్లం వంక అలా చూస్తూ నిలబడేది. ఇంత ఎండలో మాడి పట్టిన చేపల్ని ఊరికే ఎవరిస్తారు? ఏం చదివి ఊదిందో, ఏం కలిపిందో. అమ్మో, బాలింతకే? అనుకుని, వరాలికి తెలియకుండా పొట్లం తీసుకెళ్ళి పెరట్లో పిల్లికి వేసేసేది. పిల్లులకి మంత్రాలు పట్టవని ఆవిడ నమ్మకం. ఆ పిల్లి కూడా అప్పుడే కట్టెలమోపు చాటున మూడు పిల్లల్ని పెట్టింది.

ఇక నూకాలికి నిద్ర పడితేనా? ఒకే చెరువు, ఒకే మడుగు, తన గాలానికి పడనివి ఆవిడ గాలానికి ఎలా పడుతున్నాయి? ముందు ఎర మీద అనుమానం వచ్చింది. గంటమ్మ కాళ్ళు కడుక్కుంటుంటే చూసి, ఆవిడ ఎర ఉన్న కొబ్బరిచిప్ప మీద ఆకు తీసి చూసింది. వానపాములు. తన చిప్పలో ఉన్నలాంటివే.

అప్పుడు నోటి మీద అనుమానం వచ్చింది. గాలం దింపేటప్పుడు గంటమ్మ పెదాలు కదులుతున్నాయి. మంత్రమే, సందేహం లేదు. నూకాలు తన దోనెని మడుగు పక్కనున్న నల్లబండ చాటుకి తీసుకెళ్ళి, చెవి అటుపెట్టి విన్నది. గంటమ్మ ఏమంటోందీ? "దిగు దిగు గాలమా, చల్లని చోట ఆగుమా" అని చిన్నగా పాడుకుంటోంది. అంతే. ఇంత తేలిగ్గా ఉంటుందా మంత్రం, అసలు ముక్క మింగేసి ఉంటుంది అనుకుంది నూకాలు.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఇంకొకటి కళ్ళబడింది. గంటమ్మ దోనె నిండా తుమ్మకంప వేసుకుని మడుగులోకి పోతోంది. పోయి, కొమ్మకో రాయి కట్టి నీళ్ళలోకి వదిలేస్తోంది. నూకాలికి ఒళ్ళు మండింది. కంప ఎందుకు వేస్తారు? దోవలో వేస్తే మనిషి నడవకూడదని. చేలో వేస్తే మేక దిగకూడదని. మడుగులో వేస్తే మరి? నా గాలం దిగకూడదనేగా! మొత్తానికి దొరికావు వదినా అనుకుంది.

తెల్లవారగానే, గంటమ్మ ఇంకా వాకిలి ఊడ్చుకుంటుండగానే, నూకాలు పాతాళగరిగె పట్టుకుని మడుగుకి పోయింది. పాతాళగరిగంటే బావిలో చేద జారిపడితే పైకి లాగే కొక్కేల గుత్తి. దాన్ని లోతుకి వదిలి లాగింది. కంప వచ్చింది. మళ్ళీ వదిలి లాగింది. అడుగున ఉన్నదంతా ఊడ్చి అవతలి ఒడ్డున పడేసింది. చేతులు గీరుకుని నెత్తురొచ్చినా లెక్కచేయలేదు. పీడ వదిలిందనుకుంది.

ఆ రోజు నూకాలు గాలానికి ఏమీ పడలేదు. గంటమ్మ గాలానికీ పడలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పసిపిల్ల ఏడ్చి ఏడ్చి, గొంతు బొంగురుపోయి, ఆఖరికి ఏడ్చే ఓపిక కూడా లేక ఊరుకుంది.

అప్పుడు గంటమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. చేతిలో టేకాకు పొట్లం లేదు.

"ఇవాళ కూడా చేపల పొట్లం తేలేకపోయాను వదినా" అంది. "ఎండలకి పక్కెలు చల్లదనం కోసం లోతుకి దిగిపోతాయి. అక్కడ వాటికి ఒక పందిరిలాగా ఉంటుందని కంప వేశాను. ముళ్ళ సందుల్లో ఉంటే పెద్ద చేప వాటి జోలికి రాదు, గుంపుగా అక్కడే ఉంటాయి. నిన్నూ అక్కడే గాలం వేసుకోమందామంటే, నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటున్నావాయె. ఎవరో పందిరంతా పీకేశారు."

నూకాలు రెండు చేతులూ పైట కింద దాచుకుంది.

లోపల మంచం మీద నుంచి వరాలు ఇదంతా విన్నది. పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. చేపలేమిటి, పొట్లాలేమిటి, నాకు ఒక్క పక్కె కూడా పెట్టలేదే అని అడిగింది. గంటమ్మ తెల్లబోయి నూకాలు వంక చూసింది. నూకాలు పెరటి వంక చూసింది.

వరాలు కూడా అటే చూసింది. కట్టెలమోపు పక్కన పిల్లి కాళ్ళు బారజాపుకుని పడుకుని ఉంది. మూడు పిల్లలూ పొట్టలు ఉబ్బేలా పాలు తాగి, దాని మీదే నిద్రపోతున్నాయి.

"పిల్లికి పాలు పడ్డాయమ్మా" అంది వరాలు.

ఆ మాటకి నూకాలు కూలబడిపోయింది. సిగ్గు, ఏడుపు కలిసి వచ్చేశాయి. కళ్ళు తుడుచుకోబోతే, దాచుకున్న చేతులు బయటపడ్డాయి. అరచేతుల నిండా గీతలు, బొటనవేలి మొదట్లో విరిగిన తుమ్మముల్లు.

గంటమ్మ తిట్టలేదు. గాజుకున్న పిన్నీసు తీసి, ఆ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా ముల్లు తీసింది. తీస్తూ, "పొద్దున్నే వచ్చెయ్యి వదినా. పీకిన చేత్తోనే మళ్ళీ వేద్దువుగాని" అంది.

మర్నాడు ఇద్దరూ ఒకే దోనెలో పోయి కంప మళ్ళీ మడుగులో దింపారు. పక్కెలు వెంటనే రాలేదు. వాటికీ అనుమానమే కదా, ఎవరిదీ కొత్త పందిరి అని. ఆ రోజులన్నీ గంటమ్మ తన మేకపాలు పిండి పసిపిల్లకి పంపింది. నూకాలు ఆ గిన్నె అందుకుని, ఒకసారి వాసన మాత్రం చూసి, పట్టించింది.

ఆ తర్వాత ఒకనాడు నూకాలు గాలం చల్లని చోటు దాకా దించితే, బెండు బుడుంగున మునిగింది. ఆ రాత్రి వరాలు కడుపునిండా పక్కెల పులుసుతో అన్నం తిన్నది. పాలు పడ్డాయి. పసిపిల్ల తాగి తాగి, మూతి మీద పాలచుక్కతోనే నిద్రపోయింది.

పిల్లి మాత్రం గడప దగ్గర కూర్చుని నూకాలు వంక ఓరగా చూసింది. ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టిందీ, ఇప్పుడెందుకు మానేసిందీ అని. ఈవిడని నమ్మకూడదు అనుకుందట.

కంప మడుగులోకి, చేప నీడలోకి,
పాలు బొజ్జలోకి, పాప ఉయ్యాల్లోకి,
కథేమో కంచి దారిలోకి,
నువ్వేమో నిదర ఒళ్ళోకి.