గోడ ముహూర్తానికి జడకోలాటం

ఒకానొక రాజ్యాన్ని ఏలే వీరకేసరి మహారాజుకు పేరు చిన్నది, బిరుదులు పెద్దవి. వందిమాగధులు ఆ బిరుదులు చదవడం పూర్తయ్యేసరికి సగం సభకు ఆవులింతలు వచ్చేవి. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తాను ఆజ్ఞ వేస్తే పొద్దు కూడా ఆగుతుందని ఆయనకు గట్టి నమ్మకం.

ఆ రాజ్యంలో పొగడవరం అనే ఊరుంది. దానికి ఎగువపేట, దిగువపేట అని రెండు పేటలు. పొట్టేళ్ళ పందెం దగ్గర మాటామాటా పెరిగి, కర్రలు లేచి, ఒకరి చెయ్యి విరిగి, ఇంకొకరి గడ్డివాము కాలి, చివరికి పొయ్యిలోకి నిప్పు ఇచ్చిపుచ్చుకోవడం కూడా మానేశారు. ఫిర్యాదులు విని విని రాజుకు విసుగొచ్చింది. పేటల నడుమ గుమ్మం లేని గోడ కట్టించమని ఆజ్ఞ వేశాడు. మొహాలు చూసుకోకపోతే కొట్టుకోరు కదా అన్నది ఆయన వాదన. సభంతా తలూపింది. ఆ గోడకు శాంతిప్రాకారం అని పేరు కూడా పెట్టారు.

సంగతి తెలిసి సిద్ధమ్మ అనే ముసలామె రాజధానికి నడిచి వచ్చింది. ఎగువపేట మనిషి. తగువుకు ముందు రెండు పేటల పిల్లలకూ కోలాటం నేర్పిన గురువు ఆమే. కూతురు గంగిని దిగువపేటకే ఇచ్చింది. గంగికి కొడుకు పుట్టి, వాడు నడక కూడా నేర్చాడట. అమ్మమ్మ ఇంతవరకూ వాణ్ణి చూడలేదు. తాను వెళ్తే తనవాళ్ళు వెలివేస్తారు, కూతుర్ని రమ్మంటే అవతలివాళ్ళు పంపరు.

"గోడ ఆపమని అడిగేదాన్ని కాదు సామీ," అంది సిద్ధమ్మ. "కట్టేలోపల మనవడి మొగం ఒక్కసారి చూడనీండి, సాలు."

రాజు మనసు కొంచెం కదిలింది. కానీ ఒకరికి సడలిస్తే ఆజ్ఞకు విలువేముంటుందని, కుదరదన్నాడు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటూ మెట్లు దిగడం చూసి, కొలువులో చమత్కారిగా పేరుపడ్డ దేచయ్యకు గుండె చెరువైంది. అందరినీ నవ్వించేవాడు ఆ రాత్రంతా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కొలువుకు ఒక ఉపాయంతో వచ్చాడు. ఇంత గొప్ప గోడకు శంకుస్థాపన సాదాసీదాగా చేస్తే లోకం ఏమనుకుంటుందని రాజును అడిగాడు. రెండు పేటలవాళ్ళూ కలిసి జడకోలాటం ఆడి ప్రభువును కీర్తించాలన్నాడు. గుంజకు కట్టిన రంగుతాళ్ళను తలా ఒకటి పట్టుకుని, కర్రలు తాటిస్తూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది, మళ్ళీ ఆడుతూనే దాన్ని విప్పుతారు.

"తమరు మొదటి రాయి పెట్టే బంగారు తాపీని గుంజ పైన ఆ తాళ్ళ మొదట్లో కట్టిద్దాం ప్రభూ. జడలో దాగి, విప్పగానే తమ చేతికి దిగివస్తుంది. ఒక్క పేటే ఆడితే మాత్రం సగం కీర్తే దక్కుతుంది."

సగం కీర్తి అనగానే రాజు చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. రెండు పేటలకూ ఆజ్ఞ వెళ్ళింది.

ముహూర్తం నాడు గోడ రావలసిన చోట సున్నంతో గీత గీశారు. దేచయ్య గుంజను సరిగ్గా ఆ గీత మీదే పాతించాడు. అటొక పేట, ఇటొక పేట, నడుమ ఈటెలతో భటులు. అవతలి వైపు గంగి, ఆమె చంకలో బిడ్డ. ఆట నడిపించే గురువుగా సిద్ధమ్మ చేత తాళాలు పట్టుకుని గుంజ దగ్గర నిలబడింది కానీ, కళ్ళు బిడ్డ మీదే ఉన్నాయి.

రాజాజ్ఞ కాబట్టి రెండు పేటల కుర్రాళ్ళూ పక్కపక్కన నిలబడి, మొహాలు మాడ్చుకుని ఆట మొదలుపెట్టారు. మొహాలు మాడినా అడుగులు తప్పలేదు. జడ అల్లుకునేకొద్దీ తాళ్ళు పొట్టివై, అందరూ భుజాలు రాసుకునేంత దగ్గరికి వచ్చారు. తాపీ జడలో మాయమైంది.

ఇంతలో జోస్యుడు ముహూర్తం దగ్గరపడిందని తొందరపెట్టాడు. సేనాపతి అంతకంటే తొందరపడి, వీళ్ళను ఇంతసేపు కలిపి ఉంచడం ప్రమాదమనీ, ఎగువపేటవాళ్ళను పంపేసి మిగతావాళ్ళతో విప్పిద్దామనీ అన్నాడు. రాజు సరేనన్నాడు. దిగువపేటవాళ్ళు కాస్త వెనక్కి తిరిగేసరికి జడ బిగుసుకుంది. సేనాపతి పట్టి గుంజితే ఇంకా బిగిసింది. రాజు కత్తి దూయబోతే, ముహూర్తపు తాళ్ళు తెంపడం అరిష్టమని జోస్యుడు అడ్డుపడ్డాడు.

"దీన్ని విప్పేదెలా, ముసలమ్మా?" అని కసిరాడు రాజు.

"అల్లినోళ్ళే ఇప్పాల సామీ. ఎవురు ఎవురి కింద దూరి పోయినారో ఆళ్ళ కాళ్ళకే తెలుస్తాది."

చేసేది లేక ఎగువపేటవాళ్ళను మళ్ళీ పిలిపించారు. వెనకడుగుల ఆట కష్టం. ఎదుటివాడి కళ్ళలోకి చూడకపోతే ఎవరు ముందు దాటాలో తెలియదు. ఒకడు తాడు పైకెత్తితేనే రెండోవాడు కింది నుంచి దాటగలడు. అల్లేటప్పుడు ఎలాగో నెట్టుకొచ్చిన దిగువపేట ఓబులు, ఇప్పుడు తాడు ఎత్తబోయి ఆగిపోయాడు. పందెం నాడు విరిగిన చెయ్యి అది, భుజం దాటి లేవదు. ఎదురుగా ఉన్న ఎగువపేట మారన్నకు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు, విరగ్గొట్టింది అతనే కనుక. మారన్న తలదించుకున్నాడు. తరువాత తన కర్ర కింద పడేసి, ఓబులు తాడును తానే ఎత్తి పట్టుకుని, వంగి దాటాడు.

"పద ఓబులన్నా," అన్నాడు మెల్లగా.

అది చూసి రెండు వైపులా కళ్ళు చెమర్చాయి. ఎవరు ముందు కదిలారో తెలియదు. జడ విడిపోయి తాపీ దిగేసరికి జనమంతా ఈటెల మధ్య నుంచే వచ్చి గుంజ చుట్టూ చేరిపోయారు. గంగి బిడ్డను తల్లి చేతుల్లో పెట్టింది. సున్నపు గీత అంతమంది కాళ్ళ కింద చెరిగిపోయింది.

రాజు తాపీ పట్టుకుని నాలుగు వైపులా చూశాడు. ఎటు చూసినా మనుషులే. రాయి ఎక్కడ పెట్టాలని దేచయ్యను అడిగాడు.

"ఎక్కడైనా పెట్టవచ్చు ప్రభూ. ముందు వీళ్ళను అటూ ఇటూ విడదీయాలి. తాళ్ళు విడదీయడమే మన సేనాపతికి చేతకాలేదు, ఇక మనుషుల్ని ఏం విడదీస్తాడు?"

రాజు అతని వైపు అనుమానంగా చూశాడు. "అయితే ఈ ఆట నా కీర్తి కోసం కాదన్నమాట."

"తమ కీర్తి కోసమే ప్రభూ. గోడ కట్టి ఉంటే, తమర్ని వీళ్ళు ఇటు నుంచీ వాళ్ళు అటు నుంచీ తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు దండం పెట్టడానికి అందరూ ఒకే వైపు నిలబడ్డారు."

రాజు పకపకా నవ్వాడు. బిరుదులన్నీ మరిచిపోయి నవ్వాడు. మెడలోని హారం తీసి దేచయ్య మెడలో వేశాడు. గోడకని తెచ్చిన రాళ్ళతో అక్కడే కోలాటానికి అరుగు కట్టించమన్నాడు. సిద్ధమ్మనూ ఏదైనా కోరుకోమన్నాడు.

"ఏమొద్దు సామీ. కొత్త మొగమని వీడు ఏడుస్తాండాడు. నేను అమ్మమ్మనని తెలిసేదాకా వీడి పేటలో ఉండనీండి."

ఆ పూట సిద్ధమ్మ దిగువపేటలో కూతురింట అన్నం తిన్నది. ఆమెను ఎవరూ వెలివేయలేదు. వెలివేయవలసిన వాళ్ళంతా అదే పంక్తిలో కూర్చుని తింటున్నారు.