నిండు చెంబు

బాలశౌరికి ఒకటే బాధ. పలక చూడ్డానికి బాగుండదు.

పలక అంటే పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పే సాఫ్ట్‌వేర్. ‘పది అడుగులు నడు, కుడికి తిరుగు’ అని తెలుగులో రాస్తే స్క్రీన్ మీద ఒక గీత నడిచి, తిరిగి, బొమ్మవుతుంది. దాన్ని మొదలుపెట్టింది కాన్వెంటులో లెక్కలు చెప్పే సిస్టర్ అగస్తీనమ్మగారు. ఊరికే ఇచ్చారు. దాని లోపలి ప్రోగ్రాము రాతంతా కూడా అందరికీ తెరిచి పెట్టారు. ఎవరైనా చూడొచ్చు, దిద్ది పంపొచ్చు. ఆమె సరేనంటే ఆ దిద్దుబాటు పలక వాడే ప్రతి బడికీ చేరుతుంది.

శౌరి ఆమె దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు చదువుకున్నవాడు. ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం. సెలవు రోజుల్లో పలక పని పట్టుకునేవాడు. పైన నాలుగు లావుపాటి పసుపు బటన్లు, వాటి మీద గీయి, ఆపు, దాచు, చెరుపు అని ఇంతింత అక్షరాలు. స్నేహితులెవరికైనా చూపించాల్సి వస్తే, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు అమ్మ మాసిన చీరతో ఎదురొచ్చినంత సిగ్గుగా ఉండేది అతనికి.

మూడు నెలలు కూర్చుని మొత్తం మార్చాడు. అక్షరాలు తీసేసి, సన్నటి బూడిదరంగు గీతలతో చిన్న చిన్న గుర్తులు పెట్టాడు. బొమ్మలకు నీడలు వచ్చాయి. గీతలు నూనె రాసినట్టు నున్నగా జారాయి. అగస్తీనమ్మగారు అంతా చూశారు.

“నీకు నచ్చిందా శౌరీ?” అని మాత్రం అడిగారు.

నచ్చిందన్నాడు. సరేనని కలిపేశారు.

నెల తిరక్కుండానే ఫిర్యాదుల పేజీలో ఎవరో టీచరు రాశారు. దాచు ఎక్కడుందో తెలియలేదట. ఏదో నొక్కితే పిల్లల బొమ్మలన్నీ పోయాయట. పాత పలక మళ్ళీ ఇప్పిస్తారా అని అడిగారు. శౌరి ఆఫీసు హడావిడిలో ఉన్నాడు. గుర్తు మీద మౌస్ బాణం పెడితే పేరు కనిపిస్తుందనీ, వాడే ముందు కాస్త చదువుకోవాలనీ రెండు ముక్కలు రాసి, ఫిర్యాదు మూసేశాడు. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు, శనివారం ఒకసారి వచ్చి వెళ్ళమని అమ్మగారు కబురు పెట్టారు. మెచ్చుకోవడానికే పిలిచి ఉంటారనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు.

కాన్వెంటు కంప్యూటరు గదిలో యాభై ఏళ్ళావిడ ఒకరు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో నోటుపుస్తకం. పేరు నాగరత్నంగారనీ, పక్క ఊరి బడిలో టీచరనీ, పలక ఇక మానేస్తానంటే ఆఖరిసారి కలిసి చూద్దామని పిలిచాననీ అమ్మగారు చెప్పారు. శౌరిని మాత్రం ‘మా పాత విద్యార్థి’ అని ఊరుకున్నారు.

ఆ ఫిర్యాదు రాసింది ఈవిడేనా అని శౌరికి అనుమానం వచ్చింది. టీచర్లు బోలెడంతమంది ఉంటారులే అనుకున్నాడు.

అమ్మగారు లోపలికి వెళ్ళి ఒక స్టీలు చెంబు తెచ్చారు. అంచు దాకా నీళ్ళున్నాయి. అతన్ని ఆవిడ వెనక కుర్చీలో కూర్చోబెట్టి, చెంబు చేతుల్లో పెట్టారు.

“రెండు చేతులా పట్టుకో. ఆవిడ ఒక ఇల్లు గీసి, దాచేదాకా నోరు విప్పకు.”

“అంతేనాండీ?”

“అంతే.”

ఆమె జపమాల తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు.

నాగరత్నంగారు తడుముకోకుండా రాసుకుపోయారు. గోడలు, కప్పు, తలుపు. ఒక్క తప్పు లేదు. శౌరి ఆశ్చర్యపోయాడు. ఇప్పుడిక ‘గీయి’ నొక్కాలి. ఆవిడ చెయ్యి ఆగింది. స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు వెతుకుతున్నారు. అదిగో, పైన మూలనే ఉంది. శౌరి కుడిచెయ్యి దానంతటదే లేచింది. నీళ్ళు నేల మీద పడ్డాయి.

కిటికీ వెలుతురు పడితే ఆ బూడిదరంగు గీతలు కంటికి ఆనడం లేదు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్‌కు ముక్కు ఆనేంత వంగారు. శౌరి కూడా తెలియకుండానే వంగాడు. మళ్ళీ ఒలికింది.

ఎలాగో ఇల్లు గీయించారు. తర్వాత ఒక గుర్తు మీద బాణం నిలిపారు. పేరు వచ్చింది. చదివేలోగా మాయమైంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ మాయమైంది. ఇంకా ఇంకా ఒలికింది.

బాణం మెల్లగా ‘చెరుపు’ గుర్తు మీదికి వచ్చి ఆగింది. శౌరి గొంతు దాకా కేక వచ్చింది. మింగాడు. మోకాళ్ళు తడిసిపోయాయి.

ఆవిడ మౌస్ వదిలేశారు.

“ఇది నొక్కను సిస్టర్‌గారూ. పోయినసారి ఇక్కడే ముప్పై ఇద్దరి బొమ్మలు పోగొట్టాను. పిల్లలు నన్ను ఒక్క మాటా అనలేదు. ఇంకెవరి బొమ్మలూ పోగొట్టలేను.”

తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, చదువుకోమని వాళ్ళు రాశారనీ, చదువుకునే వచ్చాననీ, బుర్రకు ఎక్కకపోతే తప్పు తనదే కదా అనీ అంటూ నోటుపుస్తకం తెరిచారు.

అందులో శౌరి పెట్టిన గుర్తులన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటీ పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసినవి. పక్కన అర్థాలు. రెండింటి పక్కన మాత్రం ‘దాచు?’ ‘దాచు?’ అని ఉంది. అన్నింటికీ పైన, పాఠం పేరు రాసినట్టు, గుండ్రటి అక్షరాల్లో అతని జవాబు. ‘వాడే ముందు కాస్త చదువుకోవాలి.’

అతను చెంబు సంగతే మరిచి పుస్తకం మీదికి వంగాడు. చెంబులో మిగిలిన నీళ్ళు కూడా నిలవలేదు. నోరు విప్పొద్దన్న మాట గుర్తొచ్చి అమ్మగారి వంక చూశాడు. ఆమె మెల్లగా తలూపారు.

“టీచర్‌గారూ, అది రాసింది నేనండి.”

ఆవిడ వెనక్కి తిరిగి, తడిసిన అతని మోకాళ్ళను చూశారు. ముఖం చూశారు.

“మీరా బాబూ. ఎవరో పెద్ద వయసాయన అనుకున్నాను.” కోపమేమీ లేకుండానే అడిగారు. “అయితే మీరే చెప్పండి. ఈ రెంటిలో దాచు ఏది?”

శౌరి వేలు పెట్టి చూపించాడు. ఆవిడ నొక్కారు. ఇల్లు చెరగలేదు, భద్రంగా దాగింది. ఆవిడ ‘హమ్మయ్య’ అనుకుని, పుస్తకంలో ఒక ప్రశ్నార్థకం కొట్టేసుకున్నారు.

అది చూడలేక శౌరి లేచాడు. మూలనున్న గుడ్డ తెచ్చి, తల వంచుకుని, నేల తుడవడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

అమ్మగారు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

“ఉండు శౌరీ. అప్పుడే తుడవకు. ఆవిడ ఎక్కడెక్కడ ఆగితే ఒలికిందో ముందు రాసుకో.”