కూతకు చెవి పెట్టిన కుందేలు

గుట్ట మీది అడవి బడిలో డ్రిల్లు పీరియడ్ అంటే పరుగే. డ్రిల్లు మాస్టారు దున్న. ఆయన న్యాయం చాలా సులువైనది: అందరికీ ఒకే మైదానం, ఒకే దూరం. పరుగెత్తితే మార్కులు, లేకపోతే సున్నా. తాబేలుకూ జింకకూ ఒకే గీత గీసి దాన్ని సమానత్వం అనేవాళ్లు అడవిలోనే కాదు, అన్ని చోట్లా ఉన్నారు.

ఆ బడిలో చదివే తంగేడు అనే కుందేలు పిల్ల వానాకాలంలో బండ మీద జారి వెనక కాలు విరగ్గొట్టుకుంది. కోతి వైద్యుడు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. అప్పటినుంచి డ్రిల్లు పీరియడ్‌లో తంగేడు పని, వసారాలో కూర్చుని అందరి సంచులకూ కాపలా కాయడం. డ్రిల్లులో సున్నా వస్తే పై తరగతికి పంపరు. అందుకని కుంటుకుంటూ మాస్టారి దగ్గరికి వెళ్లి, చేయగలిగిన పని ఏదైనా ఆటలోనే ఇమ్మని అడిగింది. దున్న మాస్టారి మనసు చెడ్డది కాదు, మొద్దుది. నీ ఒక్కదాని కోసం నియమం మారిస్తే రేపు నత్త కూడా వచ్చి నిలబడుతుందని చెప్పి పంపేశాడు.

ఆ వారంలోనే వాగు అవతలి బడి జట్టు కబడ్డీ ఆడడానికి వచ్చింది. దాని నాయకుడు నక్క. కూత పెడితే దమ్ములో తనను మించినవాడు లేడని పేరు. నిజానికి నక్కకు ఉన్నది దమ్ము కాదు, తోక. కూతకు వెళ్లినప్పుడు గుబురు తోకను మూతికి అడ్డం పెట్టి, ఆ చాటున ఊపిరి పీల్చుకునేది.

వచ్చిన జట్టు ఒప్పుకున్నవాళ్లే అంపైర్ కావాలన్నది అక్కడి పద్ధతి. మాస్టారు డేగ పేరు చెప్పాడు. డేగ కంటికి తోక చాటు దాగదని నక్కకు తెలుసు. వెంటనే మొహం నిండా దయ పులుముకుంది.

"డేగ ఎప్పుడూ ఉండేదేగా మాస్టారూ. ఆ వసారాలో కుంటి చెల్లెమ్మ ఉంది చూడండి. పాపం, దానికీ ఆట ముచ్చట తీరుతుంది."

మాస్టారికి ఇదీ బాగానే ఉందనిపించింది. తంగేడు మాత్రం సంచుల మధ్య నుంచి లేవలేదు.

"జాలిపడి ఇస్తే నాకొద్దు మాస్టారూ. పనిగా ఇవ్వండి. సరిగ్గా చేస్తే డ్రిల్లు మార్కులు వేయండి, తప్పు చేస్తే సున్నా వేయండి."

మాస్టారు ఆలోచిస్తుండగానే నక్క ఆయన తరఫున కూడా ఒప్పేసుకుంది.

ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూతకు నక్క బయలుదేరింది. తంగేడు గీత పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. అంపైర్‌కు నిద్రొచ్చిందని, దుప్పటి కప్పమని నక్క జట్టు ఇకిలించింది. నక్క ఇద్దరిని తాకి తిరిగి గీత దాటింది.

"అవుట్," అంది తంగేడు. "కూత మధ్యలో ఊపిరి పీల్చావు."

"కళ్లు మూసుకున్నదానివి, నీకేం కనిపించింది చెల్లెమ్మా?"

"కూత చూసేది కాదన్నా, వినేది. నాకు విరిగింది కాలు, చెవులు కాదు. అనుమానముంటే తోక దించి మళ్లీ కూత పెట్టు."

రెండు జట్లూ నక్క వైపు చూశాయి. కాదంటే తప్పు ఒప్పుకున్నట్టే. నక్క తోక దించి వెళ్లింది. సగం దూరం పోయేసరికి కళ్లు తేలేసింది, కూత కాస్తా దగ్గయింది. అందరికన్నా ముందు నవ్వింది దాని జట్టే. అంపైర్‌ను ఏరికోరి తెచ్చుకున్నది నక్కే కాబట్టి తీర్పును తప్పుపట్టే దారి కూడా లేక, దాని జట్టు ఆట ఓడిపోయింది.

అంత బాధలోనూ ఎంత గొప్పగా చేశావని మాస్టారు పొగడబోయాడు.

"నా కాలు సంగతి ఎందుకు మాస్టారూ, మార్కులు వేయండి. రేపు రెక్క విరిగిన నెమలీ, ఆయాసమున్న ఉడతా కూడా మైదానంలోకి వస్తాయి. ఎవరు ఏ పని చేయగలరో చూసి ఇవ్వండి."

మాస్టారు కాసేపు గిట్టతో నేల గీకి, మార్కులు వేశాడు. తంగేడు చెవులు నిక్కబొడుచుకుని, కట్టు కాలితోనే మైదానం మధ్యలోంచి నడిచి వెళ్లింది. ఆ నడక చూసి ఎవరి నోటా 'పాపం' అన్న మాట రాలేదు. నక్క మాత్రం తోకను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలదించుకుని వాగు దాటింది.

నీతి: ఆటలో చోటు దెబ్బతగిలినవాళ్ల హక్కు, దాన్ని జాలిగా విసిరినవాడు ఆటే ఓడిపోతాడు.